విరాట్ కడపటి ప్రయాణము

(సూరత్ వడోద్‌లో తెలుగు కార్మికులు, రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



వడోద్‌లో తెలుగువారి సమావేశమనగానే మగ్గముల గురించి, మీటరు రేట్ల గురించి, గది అద్దెల గురించి మాట్లాడతారని మీరు ఎదురుచూచి ఉంటారు. వాటిని గురించి మిత్రులు ఇంతకుముందే వివరముగా మాట్లాడినారు. మాకిచ్చిన కాలములో ఒక ఓడ సంగతి మీ ముందు ఉంచదలచినాము. మన జెండా క్రింద 30 సంవత్సరములు పనిచేసిన విమానవాహక నౌక విరాట్, 2020 సెప్టెంబరులో తునకలగుటకై అలంగ్ ఒడ్డుకు చేసిన కడపటి ప్రయాణము సంగతి అది.

అలంగ్ మనకు దూరపు చోటు కాదు. తపతి సముద్రములో కలిసే చోట నిలబడినచో ఎదుట ఉన్నది ఖంభాత్ సింధుశాఖ. దాని ఆవలి ఒడ్డున, భావ్‌నగర్ జిల్లాలో, అలంగ్ ఉన్నది. విరాట్ ఆ ఒడ్డు చేరిన ఆరు వారములకే, 2020 నవంబరు 8న, మన హజీరా నుండి అటువైపు ఘోఘా రేవుకు వాహనములను సైతము ఎక్కించుకొనిపోయే ఓడ సర్వీసు ప్రారంభమైనది. సింధుశాఖ చుట్టూ తిరిగి 370 కిలోమీటర్లు పోవలసిన రోడ్డు దారి, నీటిమీద 90 కిలోమీటర్లకు తగ్గినది. కనుక ఈ సంగతి మన ఎదురింటి సంగతి అనుకొని వినవలసినదిగా కోరుతున్నాము.

ముందు ఆ ఓడ పూర్వకథ కొంత చెప్పుకొనవలెను. రెండవ ప్రపంచ యుద్ధము జరుగుతుండగా 1944లో బ్రిటనులోని బారో రేవులో దాని నిర్మాణము మొదలైనది. యుద్ధము ముగియుటతో పని నిలిచి, 1953లో నీటిలోకి దిగి, 1959 నవంబరులో హెర్మిస్ అన్న పేరుతో బ్రిటిషు నౌకాదళములో చేరినది. 1982లో ఫాక్‌లాండ్ దీవుల యుద్ధమునకు వెళ్లిన బ్రిటిషు నౌకలకు అదే పతాక నౌక. తరువాత భారత ప్రభుత్వము దానిని కొనగా, 1987 మే 12న విరాట్‌గా మన నౌకాదళములో ప్రవేశించినది. పూర్తి బరువుతో 28,700 టన్నులు, పొడవు సుమారు 226 మీటర్లు. మన దగ్గర ఉన్న కాలములో 2,252 రోజులు సముద్రము మీద గడిపి దాదాపు 11 లక్షల కిలోమీటర్లు తిరిగినది. భూగోళమును 27 మారులు చుట్టివచ్చినంత దూరము.

ఇక్కడ కూర్చున్న రైల్వే సోదరులకు నచ్చే మాట ఒకటి ఉన్నది. విరాట్ ఆవిరి ఓడ. నాలుగు బాయిలర్లు ఆవిరి పుట్టించగా టర్బైన్లు తిరిగేవి. మన లోకో షెడ్లలో ఆవిరి ఇంజన్లు చల్లారి ఎన్నో ఏండ్లు గడచిన తరువాత కూడ, 2016 జూలైలో ఆ ఓడ తన సొంత ఆవిరి మీదనే ముంబై నుండి కొచ్చి వరకు వెళ్లినది. స్వశక్తితో చేసిన ప్రయాణములలో అదే చివరిది. కొచ్చిలో బాయిలర్లను, ఇంజన్లను నిద్రపుచ్చినారు. అదే సంవత్సరము అక్టోబరులో టగ్గు పడవలు దానిని తాడు కట్టి ముంబైకి లాగుకొనివచ్చినవి. 2017 మార్చి 6న జెండా దించినారు. షెడ్డు వెనుక లైను మీద కండెమ్ చేసి నిలిపిన ఇంజనును చూచినవారికి ఆ దృశ్యము వేరుగా వర్ణించనక్కరలేదు.

అటుపిమ్మట మూడేండ్లకు పైగా విరాట్ ముంబై నౌకాశ్రయములో నిలిచి ఉన్నది. దానిని ఏమి చేయవలెనన్న చర్చలో మన తెలుగునాడు కూడ ఉన్నది. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దానిని విశాఖపట్నము తెచ్చి మ్యూజియముగా, విడిదిగా మార్చవలెనని ప్రతిపాదించినది. సుమారు వెయ్యి కోట్ల రూపాయల అంచనా వేసినారు. విశాఖ సముద్రతీరమున కురుసురా జలాంతర్గామి 2002 నుండి మ్యూజియముగా ఉండనే ఉన్నది. పిల్లలను తీసుకొనిపోయి చూపని తెలుగు ఉద్యోగి అరుదు. కాని జలాంతర్గామిని ఇసుక మీదికి లాగి నిలుపుట వేరు, ఇంత పెద్ద ఓడను నీటిలో నిలిపి తుప్పు పట్టకుండ కాపాడుట వేరు. ఖర్చెవరు భరించవలెనన్న ప్రశ్న దగ్గర ఆ ప్రతిపాదన ఆగినది. 2018 నవంబరులో మహారాష్ట్ర మంత్రివర్గము 852 కోట్లతో సింధుదుర్గ్ తీరమున మ్యూజియము చేయుటకు ఆమోదించినది. అదియు కాగితము మీదనే మిగిలినది. చివరకు 2019 జూలైలో కేంద్ర ప్రభుత్వము నౌకను తుక్కుగా అమ్మివేయ నిర్ణయించినట్లు పార్లమెంటుకు తెలిపినది. 2020లో వేలములో అలంగ్‌కు చెందిన శ్రీరామ్ గ్రూపు 38 కోట్ల 54 లక్షలకు కొన్నది.

మొదటి విక్రాంత్ గతి కూడ మీకు జ్ఞాపకము ఉండి ఉంటుంది. 1971 యుద్ధములో తూర్పు సముద్రమున పనిచేసిన నౌక అది. దానిని వేటాడుటకు వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గరనే మునిగినది. 1997లో విరమించిన తరువాత 2012 వరకు ముంబైలో మ్యూజియముగా ఉన్నది. 2014లో సుమారు 60 కోట్లకు అమ్ముడుపోయి, అదే సంవత్సరము నవంబరులో ముంబై దారుఖానాలో కోత మొదలైనది. దాని లోహము కొంత ఒక మోటారుసైకిలు కంపెనీ కొన్నది. పెట్రోలు ట్యాంకులో దేశభక్తిని నింపి అమ్మవచ్చునని అప్పుడే తెలిసినది.

విరాట్ 2020 సెప్టెంబరు 19న ముంబై వదలినది. ఇంజను లేదు, చుక్కాని పట్టేవారు లేరు. టగ్గు లాగుతుండగా నడిచినది. అలంగ్ దగ్గర లంగరు వేసి, సముద్రపు పోటు కొరకు కాచుకొని ఉండి, 28వ తేదీన ఒడ్డెక్కినది. ఆ రోజు కేంద్రమంత్రి వచ్చినారు, సభ జరిగినది, వందన సమర్పణ జరిగినది. ఓడను మ్యూజియము చేయుదమని ముందుకు వచ్చిన ఒక కంపెనీ కోర్టులకు వెళ్లగా, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు యథాతథ స్థితికి ఉత్తరువు ఇచ్చినది. ఏప్రిలులో కేసు మరల విచారణకు వచ్చేసరికి ఓడ మూడవ వంతుకు పైగా కోయబడి ఉన్నది. ఇక జోక్యము చేసుకొనుటకు ఏమియు లేదని న్యాయస్థానము కేసు ముగించినది.

ఈ యావత్తు కథలో పత్రికలు మ్యూజియము గురించి వ్రాసినవి, మాజీ నావికుల కన్నీళ్ల గురించి వ్రాసినవి, వేలము ధర గురించి వ్రాసినవి. ఆ మూడవ వంతును కోసినదెవరో వ్రాసినది బహు తక్కువ. మేము ఇక్కడ మాట్లాడదలచినది ఆ సగము గురించి.

అలంగ్‌లో తొలి ఓడ 1983 ఫిబ్రవరిలో ఒడ్డెక్కినది. అక్కడ రేవు కట్టడము లేదు. ఖంభాత్ సింధుశాఖలో సముద్రపు ఆటుపోటుల తేడా పది మీటర్లకు పైబడి ఉంటుంది. అదియే అక్కడి పెట్టుబడి. అమావాస్యకో పున్నమికో పోటు మీద ఉన్నప్పుడు ఓడను ఒడ్డు మీదికి తోలుతారు. ఆటు తీసేసరికి ఓడ బురదలో కూర్చుని ఉంటుంది. ముక్కు నుండి కోత మొదలగును. కోసిన పెద్ద ముక్కను విన్చితో ఒడ్డుకు లాగి, మరల చిన్న పలకలుగా కోస్తారు. ఆ పలకలు సిహోర్, భావ్‌నగర్ ప్రాంతపు రోలింగు మిల్లులకు పోయి, ఇండ్లు కట్టే కడ్డీలై తిరిగివస్తాయి. ఓడలోని కుర్చీలు, బల్లలు, గిన్నెలు, గడియారములు అలంగ్ రోడ్డుకు ఇరువైపుల దుకాణములలో అమ్మకమునకు ఉంటాయి. ఓడలో వ్యర్థమగునది చాల తక్కువ.

కోసేవాని చేతిలో ఆక్సిజను, గ్యాసు కలిసిన మంట ఉంటుంది. వాడు కోసే గోడ వెనుక ఏమున్నదో వానికి తెలియదు. తొట్టిలో మిగిలిన చమురు ఆవిరి ఉండవచ్చును. గొట్టము చుట్టూ ఆస్బెస్టాస్ ఉండవచ్చును. పాత రంగులో సీసము ఉండవచ్చును. మొదటిది ఆ క్షణముననే చంపును. 2012 అక్టోబరులో ఒక ఓడలో మంటలు లేచి ఆరుగురు, 2014 జూనులో మరొక ఓడలో గ్యాసు ప్రేలి ఐదుగురు అలంగ్‌లో మరణించినారు. రెండవది ఇరువది, ముప్పది ఏండ్లకు ఊపిరితిత్తుల జబ్బుగా బయటపడును. అప్పటికి ఆ కార్మికుడు స్వగ్రామములో ఉండును, ఏ ఓడ వలన జబ్బు వచ్చినదో చెప్పగల కాగితము వాని దగ్గర ఉండదు. పాత ఆవిరి ఇంజన్ల బాయిలర్లకు ఆస్బెస్టాస్ చుట్టిన వర్క్‌షాపు పెద్దలకు ఈ మాట అనుభవపూర్వకముగా తెలియును. ఐతే వారికి రైల్వే ఆసుపత్రి కార్డు ఉన్నది, సర్వీసు రిజిస్టరు ఉన్నది.

ఆ కార్మికులెవరు? ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్, జార్ఖండ్ నుండి వచ్చినవారు ఎక్కువ. గంజాం జిల్లావారు ఇక్కడ మన సూరత్ పవర్‌లూములలో పనిచేస్తున్నట్లే అక్కడ ఓడలు కోస్తున్నారు. వరంగల్లు, కరీంనగరముల నుండి వచ్చిన మన పద్మశాలి సోదరులు నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో దిగినట్లే, వారు బరంపురము నుండి విజయనగరము మీదుగా పూరీ–అహమ్మదాబాద్ బండిలో వస్తారు. ఆ జనరలు పెట్టెలో ఎంత వత్తిడి ఉంటుందో టికెట్ కలెక్టరు సోదరులకు మేము చెప్పవలసిన పని లేదు. మనీఆర్డరు ఫారములు ఉన్న రోజులలో గుజరాతు నుండి గంజామునకు పోయిన పైకము ఎంతయో, దానిని ఇంటింటికి పంచిన పోస్టుమాన్లకు తెలియును. ఫారము అడుగున ఉండే ఆ కొద్ది చోటులో వ్రాసిన కుశల ప్రశ్నలను ఇంటివారికి చదివి వినిపించినవారు కూడ వారే.

ఇక చట్టము సంగతి. ఇది కొంచెము ఓపికతో వినవలెను. ఓడలను సురక్షితముగా విడదీయుట గురించి 2009లో హాంకాంగ్‌లో ఒక అంతర్జాతీయ ఒడంబడిక కుదిరినది. భారతదేశము 2019 నవంబరులో అందులో చేరినది. డిసెంబరులో ఓడల పునరుపయోగ చట్టము చేసినది. ఒడంబడిక 2025 జూన్ 26 నుండి ప్రపంచమంతట అమలులోకి వచ్చినది. దాని ముఖ్యాంశము చాల సులభమైనది: ఓడలో ప్రమాదకర పదార్థము ఎక్కడ ఎంత ఉన్నదో యజమాని ముందుగా జాబితా వ్రాసి ఇవ్వవలెను. గోడ వెనుక ఏమున్నదో కోసేవానికి తెలియవలెనన్న మాట. మేము దీనిని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాము. ఐతే ఆ ఒడంబడికలోను, మన చట్టములోను ఒక వాక్యము ఉన్నది. యుద్ధనౌకలకు ఇది వర్తించదు.

అమ్ముడైన పిమ్మట అది యుద్ధనౌక కాదు గదా అని న్యాయవాదులు వాదించవచ్చును. విరాట్‌ను కోసిన నాటికి అలంగ్ ప్లాట్లకు ఫ్యాక్టరీల చట్టము, 2013 నాటి ఓడల విచ్ఛేదన నియమావళి, గుజరాత్ మారిటైమ్ బోర్డు తనిఖీలు ఉండెను. కార్మికులకు శిక్షణ కేంద్రము ఉన్నది. గత పది, పదునైదు ఏండ్లలో అనేక ప్లాట్లు నేలను కాంక్రీటు చేసి మెరుగుపడినవి. వాటిని తక్కువ చేసి చెప్పుట మా ఉద్దేశము కాదు. మా ప్రశ్న ఓడ యజమాని గురించి. సరుకుల ఓడ యజమాని జాబితా వ్రాయవలెను. ఆస్బెస్టాస్ విరివిగా వాడిన కాలములో కట్టిన యుద్ధనౌకను అమ్మే యజమాని వ్రాయనక్కరలేదు. ఆ యజమాని ఎవరు? ప్రభుత్వమే. మనము కూడ ప్రభుత్వము దగ్గర పనిచేసేవారమే. ఆదర్శ యజమాని అన్న మాటను వేతన సంఘముల ముందు మన ఫెడరేషన్లు ఎన్ని మారులు వల్లించినవో లెక్కలేదు. తనకు తాను మినహాయింపు ఇచ్చుకొనే అలవాటు ఆదర్శ యజమానికి తగదని చెప్పే హక్కు మనకున్నది.

బయటి దేశములు ఏమి చేసినవో కొంత చూడవలెను. ఫ్రాన్సు తన క్లెమాన్సో విమానవాహక నౌకను అలంగ్‌లోనే కోయించుటకు 2005 డిసెంబరు 31న తూలోన్ రేవు నుండి పంపినది. అందులోని ఆస్బెస్టాస్ గురించి ఇక్కడను అక్కడను ఆందోళన చెలరేగినది. సుప్రీంకోర్టు దానిని మన జలములలోకి రానీయలేదు. 2006 ఫిబ్రవరిలో అధ్యక్షుడు షిరాక్ వెనుకకు రప్పించినారు. ఆఫ్రికా చుట్టూ తిరిగి బ్రెస్టు చేరి, 2009లో ఇంగ్లండులోని హార్ట్‌లీపూల్‌కు పోయి అక్కడ విడదీయబడినది. దాని తోబుట్టువు ఫోష్ బ్రెజిలు చేతికి పోయి సావోపావ్‌లోగా మారినది. ఏ రేవును దానిని రానీయకపోగా 2023 ఫిబ్రవరిలో అట్లాంటిక్‌లో ముంచివేసినారు. అది మరీ చెడ్డ దారి.

హార్ట్‌లీపూల్ పేరు విన్నప్పుడు సూరత్ వాసులకు ఇంకొక ఓడ గుర్తుకు రావలెను. సూరత్ వడ్రంగి లవ్‌జీ నసర్‌వాన్‌జీ వాడియా 1736లో ఇక్కడి నుండి బొంబాయికి పోయి ఓడల నిర్మాణము ఆరంభించినాడు. ఆ వంశమువారు మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ అన్న యుద్ధనౌక 1817లో నీటిలోకి దిగినది. రెండు వందల ఏండ్లు దాటినను ఈనాటికీ అది హార్ట్‌లీపూల్‌లో మ్యూజియముగా తేలుతున్నది. సూరత్ వంశము కట్టిన కొయ్య ఓడ ఇంగ్లండులో భద్రముగా ఉన్నది; ఇంగ్లండు కట్టిన ఉక్కు ఓడ సూరత్ ఎదుటి ఒడ్డున కడ్డీలైనది. దీనిలో ఎవరి తప్పును వెదుకుట లేదు. చేతిపనికి విలువ కట్టే తీరు దేశమును బట్టి మారుతుందని మాత్రము అంటున్నాము.

అమెరికా సంగతి ఇంకను ఆలోచింపజేయును. 1997లో బాల్టిమోరులోని ఒక దినపత్రిక, అక్కడి ఓడ కోత యార్డులలోను అలంగ్‌లోను కార్మికుల స్థితి గురించి వరుసగా వ్రాసినది. మరుసటి ఏడు దానికి పులిట్జర్ బహుమానము వచ్చినది. కోరల్ సీ అన్న విమానవాహక నౌకను ఆ బాల్టిమోరులోనే కోసినారు. ఆ తరువాత నౌకాదళపు పాత ఓడలను పరదేశములకు అమ్మే ఆలోచన ఆగినది. 2021లో కిట్టీ హాక్, కెన్నెడీ అన్న రెండు పెద్ద విమానవాహక నౌకలను టెక్సాసు యార్డుకు ఒక్కొక్కటి ఒక్క సెంటుకు అమ్మినారు. అవును, ఒక్క సెంటు. నియమముల ప్రకారము విడదీయుటకయ్యే ఖర్చు పోగా అమ్మేవానికి మిగులునది అంతే. మన విరాట్ 38 కోట్ల 54 లక్షలు తెచ్చినది. ఈ తేడా యావత్తు కార్మికుని కూలిలో, ఊపిరిలో మిగిల్చినదే అని మేము అనము. మన దగ్గర ఓడ పలకను కరిగించకుండ నేరుగా రోలు చేసి అమ్ముకొనవచ్చును, దానికి ధర ఎక్కువ. ఐనను ఆ తేడాలో కొంత భాగము కూలిది. అది ఎంతయో లెక్కగట్టి చెప్పమని అడుగుట న్యాయమే.

అలంగ్‌లో సంఘము ఎట్లు పుట్టినదో కూడ మీరు వినవలెను. రెండు దశాబ్దములు కార్మికులకు అక్కడ సంఘమే లేదు. 2000 సంవత్సరము తరువాత ముంబై పోర్టు డాక్ కార్మికుల సంఘము నాయకులు అక్కడికి వెళ్లినారు. ప్లాట్లలోనికి అడుగు పెట్టనీయలేదు. జీతముల గురించి ఉపన్యాసములిచ్చుటకు బదులు వారు త్రాగునీటితో, ప్రథమ చికిత్సతో ఆరంభించినారు. తరువాత గుర్తింపు కార్డులు. కాలినవానిని ఆసుపత్రికి చేర్చుటకు యాభై కిలోమీటర్ల దూరములోని భావ్‌నగర్‌కు పోవలసిన చోట గుర్తింపు కార్డు చిన్న వస్తువు కాదు. ఈ మనిషి ఫలానా ప్లాటులో పనిచేసినాడని అది ఒక్కటే సాక్ష్యము. ఆ విధముగా అలంగ్–సోసియా కార్మికుల సంఘము నిలబడినది.

ఇక మన పని. విశాఖలో మ్యూజియము వచ్చి ఉంటే మేము కూడ టికెట్టు కొని చూచి ఉండేవారము. అది రాలేదు. ఇకముందు నౌకాదళము నుండి విరమించే ఓడలు వస్తూనే ఉంటాయి, వాటిలో కొన్ని ఈ ఒడ్డుకే వస్తాయి. ప్రభుత్వ నౌకను అమ్మే ముందు ప్రమాదకర పదార్థముల జాబితా వ్రాసి, దాని ప్రతిని అలంగ్ సంఘమునకు ఇవ్వవలెనని, యుద్ధనౌకల మినహాయింపు వాక్యమును సవరించవలెనని మన ఫెడరేషన్ పక్షమున కోరుదమని ప్రతిపాదిస్తున్నాము. విరాట్‌ను కోసినవారి పేర్ల పట్టిక ఆ ప్లాటులో ఎక్కడో ఉండి తీరవలెను. వారికి నేటి నుండి ముప్పది ఏండ్ల వరకు ఊపిరితిత్తుల పరీక్షలు జరుగుటకు ఆ పట్టికను భద్రపరచవలెనని కూడ అడుగవలెను. తీర్మానము నకలు బల్ల మీద ఉన్నది. గంజాం మిత్రులు కొందరు వెనుక వరుసలో నిలబడి ఉన్నారు. వారికి ఒడియాలో చదివి వినిపించుటకు ఒక సోదరుడు ముందుకు వచ్చినాడు. వారికి ముందు చోటు ఇచ్చి కూర్చోబెట్టవలసినదిగా మనవి.